ఎక్స్11లో స్క్రీన్ లాక్ నిజంగా లాకేనా, ఉత్త తెరేనా?

తీగలపందిరి:
లినక్స్‌లో ఎక్స్11 (తెరమీద విండోలు చూపించే పాత వ్యవస్థ) మీద ఐ3 విండో మేనేజర్ వాడుతున్నాను. ఏమీ కదపకపోతే ఎక్స్‌ఆటోలాక్ 5 నిమిషాలకు ఐ3లాక్ అనే స్క్రీన్ లాకర్‌ను పిలుస్తోంది, అంతవరకు బాగానే ఉంది. ల్యాప్‌టాప్ మూత దించి మళ్లీ ఎత్తితే మాత్రం ముందు అర సెకను డెస్క్‌టాప్ కనబడి, తర్వాత లాక్ పడుతోంది. దీన్ని సరిచేయొచ్చా, ఎక్స్11 బదులు వచ్చిన వేలాండ్‌కు మారాల్సిందేనా?

పాతకీబోర్డు:
మారిపోండి. ఎక్స్11లో లాకర్ అంటే స్క్రీనంతా కప్పేసే ఒక విండో. కీబోర్డునీ మౌసునీ గ్రాబ్ చేసి (తన ఒక్కదానికే అందేలా పట్టుకుని) కూర్చుంటుంది, అంతే. అసలు లాక్ అనేదొకటి పడిందని ఎక్స్ సర్వర్‌కు తెలియదు. నమ్మకపోతే టెర్మినల్‌లో "స్లీప్ 5; ఎస్‌లాక్" అని కొట్టి (ఎస్‌లాక్ కూడా ఒక లాకరే), ఆ ఐదు సెకన్లలోపే బ్రౌజర్‌లో రైట్ క్లిక్ మెనూ తెరిచి వదిలేయండి. గ్రాబ్ అప్పటికే మెనూ చేతిలో ఉంటుంది కాబట్టి ఎస్‌లాక్ కాసేపు ప్రయత్నించి, ఎర్రర్ రాసి బయటికొచ్చేస్తుంది. స్క్రీన్ తెరిచే ఉంటుంది!

సగంవెలుతురు:
మెనూ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగింది అది కాదు కదండీ. ఆ అర సెకను ఎక్స్11 తప్పు కాదు, ఎక్స్‌ఆటోలాక్‌కు సస్పెండ్ సంగతి పట్టకపోవడం. దాన్ని తీసేసి, ఐ3 కాన్ఫిగ్‌లో ఎక్స్‌ఎస్‌ఎస్-లాక్ పెట్టండి:

ఎక్స్‌ఎస్‌ఎస్-లాక్ --ట్రాన్స్‌ఫర్-స్లీప్-లాక్ -- ఐ3లాక్ --నోఫోర్క్

సస్పెండ్‌ను చూసుకునే లాగిన్‌డి దగ్గర ఇది నిద్రను కాసేపు ఆపే హక్కు తీసుకుని ఐ3లాక్‌కు అప్పగిస్తుంది. విండో తెరమీదికి వచ్చాకే ఐ3లాక్ దాన్ని వదులుతుంది, అప్పుడే సస్పెండ్ అవుతుంది. ఆ ట్రాన్స్‌ఫర్ ఆప్షన్ మర్చిపోతే లాకర్ మొదలవగానే హక్కు పోతుంది, మళ్లీ అదే అర సెకను మెరుపు. 5 నిమిషాల గడువుకు "ఎక్స్‌సెట్ ఎస్ 300" చాలు.

పాతకీబోర్డు:
సరే, మెరుపు పోయింది. మరి లాకర్ ప్రాసెస్ చస్తే? మెమరీ నిండి కెర్నెల్ దాన్నే చంపిందనుకోండి, డెస్క్‌టాప్ బట్టబయలు. వేలాండ్‌లో సెషన్ లాక్ ప్రోటోకాల్ ఉన్న కంపోజిటర్ (విండోలను తెరమీద చూపించే ప్రోగ్రామ్) అయితే లాకర్ చచ్చినా తలుపు తీయదు. స్వే అనే కంపోజిటర్ ఎర్ర స్క్రీన్ చూపించి అలాగే నిలబడుతుంది. ఇంకో టీటీవైలో (టెక్స్ట్ కన్సోల్‌లో) లాగినై, వేలాండ్_డిస్‌ప్లే సెట్ చేసి దాని లాకర్ స్వేలాక్‌ను మళ్లీ నడిపితే పాస్‌వర్డ్ అడుగుతుంది.

సగంవెలుతురు:
ఎస్‌లాక్ తన ఓఓఎం స్కోరును (మెమరీ నిండితే ఎవర్ని చంపాలో కెర్నెల్ చూసే అంకెను) -1000 చేసుకునేది అందుకే, అప్పుడు దాన్ని చంపదు. ఎక్స్‌సెక్యూర్‌లాక్ అనే లాకర్ అయితే పాస్‌వర్డ్ అడిగే భాగాన్ని వేరే ప్రాసెస్‌లో పెడుతుంది, అది కూలినా ప్రధాన ప్రాసెస్ గ్రాబ్ వదలదు. అంతకంటే పెద్ద కన్నం ఇంకోటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. టీటీవైలో ఎక్స్‌ను మొదలుపెట్టడానికి ఉత్త "స్టార్ట్‌ఎక్స్" కొట్టి వదిలేస్తారు. ఎక్స్ వేరే టీటీవైలో నడుస్తుంటే ఎవరైనా కంట్రోల్+ఆల్ట్+ఎఫ్1 నొక్కి, కంట్రోల్+సి కొడితే ఎక్స్ పోయి మీ షెల్ చేతికొస్తుంది. "ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్" అని రాస్తే ఎక్స్ చచ్చాక షెల్ మిగలదు.

చీకటితెర:
ఇద్దరూ వదిలేసింది పామ్, అంటే లినక్స్‌లో పాస్‌వర్డ్ సరిచూసే వ్యవస్థ. స్వేలాక్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేసుకుంటే /ఈటీసీ/పామ్.డి/ కింద స్వేలాక్ ఫైలు ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే చాలా డిస్ట్రోల్లో సరైన పాస్‌వర్డ్ కొట్టినా తీయదు. అందులో "ఆథ్ ఇన్‌క్లూడ్ లాగిన్" అనే ఒక్క లైను చాలు. ఫెయిల్‌లాక్ (తప్పు పాస్‌వర్డులు లెక్కపెట్టే పామ్ మాడ్యూల్) ఆన్‌లో ఉంటే డిఫాల్ట్‌గా 3 తప్పులకు 600 సెకన్లు బయటే. తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉండగా లాక్ పడితే ఆ మూడూ మీకు తెలియకుండానే అయిపోతాయి.

పాతకీబోర్డు:
అందుకే స్వేఐడిల్‌లో (ఖాళీగా ఉంటే స్వేలాక్‌ను పిలిచే ప్రోగ్రామ్‌లో) పెట్టేముందు చేత్తో ఒకసారి లాక్ చేసి తీసి చూసుకోవాలి, పక్క టీటీవైలో లాగినై ఉంచుకుని మరీ. తీయకపోతే అక్కణ్నుంచి "పీకిల్ -యుఎస్‌ఆర్1 స్వేలాక్" కొట్టండి. మామూలుగా చంపితే మళ్లీ ఆ ఎర్ర స్క్రీనే.

తీగలపందిరి:
ఎక్స్‌ఎస్‌ఎస్-లాక్‌తో మెరుపు పోయింది. స్టార్ట్‌ఎక్స్ ముందు ఎగ్జెక్ కూడా చేర్చాను. మెనూ తెరిచి ఉంటే ఎలాగన్నది మాత్రం అలాగే ఉంది.