ఇంట్లో పాడ్‌కాస్ట్‌కి కండెన్సర్ మైకా, డైనమిక్ మైకా? తేల్చండి

బెళ్లందూర్ బుల్లోడు:
నేనూ నా రూమ్మేటూ కలిసి తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. బెంగళూరులో మనోళ్ల ఉద్యోగాలు, అద్దెలు, ఓనర్ల కథలు, అదీ సంగతి. ఫ్లాట్ కిటికీ రింగ్ రోడ్డు వైపుంది, నేలంతా టైల్స్. పదివేలకి అటూ ఇటూ పెట్టగలం. ఆఫీసులో ఒకాయన యూఎస్‌బీ కండెన్సర్ (సన్న చప్పుళ్లు కూడా పట్టే మైకట) కొను, గోల ఉంటే ఏఐ తీసేస్తుంది అన్నాడు. ఇంకొకాయన డైనమిక్ (అంత సున్నితం కాని మైకు) తప్ప వేరేది ముట్టుకోవద్దన్నాడు. ఎవరి మాట వినాలి?

ఇందిరానగర్ ఇడ్లీ:
కళ్లు మూసుకుని కండెన్సర్ తీసుకో తమ్ముడూ. అడపాదడపా ప్రకటనలకి గొంతిస్తుంటాను, నాది అదే. ఊపిరి, చిన్న నవ్వు కూడా పడతాయి. డైనమిక్‌లో ముక్కు దిబ్బడేసినట్టు ఉంటుంది. రింగ్ రోడ్డంటావా, కిటికీ మూసి రాత్రి 11 దాటాక కూర్చో. మిగిలిన గోలని అడోబీ వాళ్ల ఎన్‌హాన్స్‌లో, అదే గొంతు శుభ్రం చేసే ఏఐ టూల్‌లో, పడేయ్.

సీమ సౌండు:
ఇడ్లీ గారూ, మీరు బట్టల బీరువా తలుపులు తీసి, వెనక బొంత వేలాడదీసుకుని రికార్డ్ చేస్తారని పోయిన నెల మీరే ఇక్కడ రాశారు. ఆ గొంతు సగం బొంతదే! పిల్లోడికి ఉన్నది టైల్స్ గది.

అట్లని "డైనమిక్ అయితే బయటి గోల పట్టదు" అనేదీ సగమే నిజం. హారన్ ఏదో, హోస్టు ఏదో ఏ మైకుకీ తెలీదు. డైనమిక్‌కి సున్నితత్వం తక్కువ, అందుకని నోటి దగ్గర పెట్టుకోక తప్పదు. దగ్గరైతే గొంతు గట్టిగా పడుతుంది, గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించొచ్చు, దాంతోపాటు రోడ్డూ తగ్గుతుంది. దూరం సగమైన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల నుంచి నాలుగు వేళ్ల దూరానికొస్తే 12. కండెన్సర్‌ని కూడా అంతే దగ్గర పెడితే రోడ్డు గోలలో పెద్ద తేడా ఉండదు, కాకపోతే ప, బ అన్నప్పుడల్లా గాలి దెబ్బ మరీ ఎక్కువ. అడుగు దూరం నుంచి మాట్లాడేవాడికి మాత్రం ఏ మైకైనా ఒకటే.

ఏఐ సంగతి. ఫ్యాన్ లాంటి ఒకే తీరు చప్పుడు ఉచితంగా దొరికే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలోనే పోతుంది. మాట్లాడకుండా రెండు మూడు సెకన్లు రికార్డ్ చేసి, ఆ ముక్కని నాయిస్ రిడక్షన్‌కి నమూనాగా ఇస్తే చాలు. కింద గుయ్యిమనే ట్రాఫిక్‌కి 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది స్వరాల్ని తగ్గించేది) పెట్టు. మాట మీదే పడిన కుక్కర్ విజిల్, గది మోత (గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే గొంతు) వీటితో పోవు. ఏఐ పోగొడుతుంది, కానీ నేను విన్నవాటిలో ఒత్తులు నమిలేసింది. గంటసేపు ఆ గొంతు వినడం నా వల్ల కాదు.

ఇంకోటి, వీడియోల్లో చూసి ష్యూర్ ఎస్ఎమ్7బీ అనే డైనమిక్ మైకు జోలికి పోవద్దు. దానికి 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి, చిన్న ఇంటర్‌ఫేస్‌లు (మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బాలు) ఆయాసపడతాయి.

జిగణి జీరో:
గోడలకి గుడ్ల ట్రేలు అంటిస్తే?

మడివాళ అక్క:
బొద్దింకలొస్తాయి. ట్రేలు, సన్న ఫోమ్ బయటి చప్పుడు ఆపవు నాయనా. ఫోమ్ గదిలో మోత కొంచెం తగ్గిస్తుంది, అదీ పై స్వరాల్లోనే. పరుపున్న గదిలో కూర్చుంటే ఆ పని ఊరికే అవుతుంది.

అసలు ఎవరూ అడగలేదేంటి? బుల్లోడూ, మీరిద్దరూ ఒకే గదిలో కూర్చుంటారా? అయితే రెండు యూఎస్‌బీ మైకులు కొని ఇరుక్కోకు. ఆడాసిటీ ఒకసారికి ఒక్క డివైస్ నుంచే రికార్డ్ చేస్తుంది. మధ్యలో ఒకే కండెన్సర్ పెడితే ఇద్దరికీ దూరమే, గది మోత మొత్తం పడుతుంది. ఇద్దరికీ రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు ప్లగ్గు) డైనమిక్‌లు, రెండు మైక్ ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ ఒకటి కావాలి. ఎవరి గొంతు వాళ్ల ట్రాకులో ఉంటే ఒకరు దగ్గినా రెండో ట్రాకులో పెద్దగా వినపడదు. పదివేలు సరిపోకపోవచ్చు, సెకండ్ హ్యాండ్ చూడు.

బెళ్లందూర్ బుల్లోడు:
ఒకే గదిలోనే అక్కా. ఇప్పుడు భయమేస్తోంది.

సీమ సౌండు:
అక్క మాటే కరెక్టు. డబ్బులు చాలకపోతే శామ్సన్ క్యూ2యూ లాంటిది ఒకటి తీసుకో, యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉంటాయి. మొదటి రెండు ఎపిసోడ్లు ఒక్కడివే చెయ్యి. తర్వాత ఇంటర్‌ఫేస్, రెండో మైకు కొంటే మొదటిది వృథా కాదు.

ఇందిరానగర్ ఇడ్లీ:
ఇద్దరు మాట్లాడుకునే కార్యక్రమానికి ఒక్కడు మాట్లాడటమేంటండీ! ఫోన్లకి చెరో కాలర్ మైకు పెట్టుకుని విడివిడిగా రికార్డ్ చేసి, మొదట ఒక చప్పట కొట్టి దాంతో రెండు ట్రాకులూ కలుపుకోమనండి. మైకు విషయంలో మాత్రం నేను మారను.

మడివాళ అక్క:
కాలర్ మైకులు నాకూ సమ్మతమే, చప్పట ఐడియా బాగుంది. మరి అవి చాలావరకు ఎలక్ట్రెట్ అనే రకం కండెన్సర్లే, ఇడ్లీ గెలిచినట్టేనా సీమా?

సీమ సౌండు:
గడ్డం కింద జానెడు దూరంలో ఉంటే గెలిచింది దూరమే అక్కా.

బెళ్లందూర్ బుల్లోడు:
సరే, ముందు కాలర్ మైకులతో ట్రై చేస్తాం. పోల్చుకోడానికి ఈ శనివారం ఎవరైనా డైనమిక్ మైకు ఒకటి అరువిస్తారా? సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటైనా వస్తా.