గోధుమ మొలక గిడసబారడానికి దోషం కొయ్యకాళ్ళదా, పిథియమ్‌దా?

చేనుగట్టు: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, పలూస్ ప్రాంతంలో దున్నకుండా పాత కొయ్యకాళ్ళ మధ్యే శీతాకాలపు గోధుమ విత్తిన పొలాల్లో పైరు గిడసబారడం చాలాకాలంగా ఉన్న సమస్య. కుళ్ళుతున్న గడ్డి నుంచి ఊరే విషపదార్థాలే ఇందుకు కారణమని, గడ్డిని దున్ని కలిపేయడమో తగలబెట్టడమో తప్పదని నా అభిప్రాయం.

మడికట్టు: చేనుగట్టు గారూ, ఆ నేరం గడ్డి మీద నిలవదు. గడ్డిని ఉన్నచోటే ఉంచి, తెగులు క్రిములు చచ్చేలా నేలను శుద్ధి చేస్తే పైరు కోలుకుందని వాషింగ్టన్‌కు చెందిన మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్త కుక్, ఆయన సహచరుడు హాగ్లండ్ 1991లో చూపారు. విషం గడ్డిదే అయితే గడ్డి ఉండగా పైరు కోలుకునేది కాదు. వారి పరిశోధనలో బయటపడిన దోషుల్లో పిథియమ్ అనే నేలలోని తెగులు క్రిమి ముఖ్యమైనది. బూజులా కనిపించినా ఇది నిజమైన శిలీంద్రం కాదు, గోధుమరంగు నాచులకు దూరపు చుట్టం. గింజ నీరు పీల్చుకుని చక్కెరలు వదలగానే నేలలో నిద్రపోతున్న దీని బీజాలు మేల్కొని, విత్తిన ఒకటి రెండు రోజుల్లోనే అంకురంలోకి చొరబడతాయి. అయినా చాలా గింజలు మొలుస్తాయి కనుక రైతుకు అనుమానం రాదు. సాలులో కూర్చుని పక్కపక్క మొక్కలను పోల్చి చూడండి: సోకినదాని మొదటి ఆకు పొట్టిగా, ఒక్కోసారి మెలితిరిగి ఉంటుంది.

చేనుగట్టు: దున్నిన పొలంలోనూ పిథియమ్ ఉంటుంది కదా, అక్కడ నష్టం తక్కువెందుకు?

మడికట్టు: తేడా అంతా నేల స్థితిలోనే ఉంది. కొయ్యకాళ్ళ నీడన నేల చల్లబడి మొలక ఆలస్యమవుతుంది, అంకురం అన్ని రోజులూ తెగులుకు అందుబాటులో ఉంటుంది. పైగా ఆరని తడిలో గింజ వదిలిన చక్కెరలు దూరం పాకుతాయి. తాజా గడ్డి పిథియమ్‌కు మేత కూడా అవుతుంది, ఆ మేరకు మీ మాటలో నిజముంది. విత్తనం పాతదైతే చక్కెరలు మరింత కారి నష్టం పెరుగుతుంది.

ఏటవాలు కొండలున్న పలూస్‌లో దున్నితే వానకు పైమట్టి కొట్టుకుపోతుంది. కాబట్టి విత్తే సాలు మీది గడ్డిని మాత్రం పక్కకు జరిపి నేలకు ఎండ తగలనివ్వడం, కొత్త విత్తనం వాడడం, మెటలాక్సిల్ అనే తెగులు మందుతో విత్తనశుద్ధి చేయడం మేలు. నిజమైన శిలీంద్రాలకు వాడే కార్బెండజిమ్ మందు దీనిపై పనిచేయదు. మన మిరప, పొగాకు నారుమళ్ళలో నారుకుళ్ళు తెచ్చేదీ పిథియమే. నీరు నిలవకుండా ఎత్తుమళ్ళు కట్టేది అందుకే.