నాలుగేళ్ల పాపతో నేచురల్ హిస్టరీ మ్యూజియం: ఎంతసేపు ఉండాలి, ఏం చూపించాలి?

ప్రశ్న:
పాపకి నాలుగేళ్లు. డైనోసార్లంటే ప్రాణం, కానీ చీకటన్నా పెద్ద శబ్దాలన్నా బెదురుతుంది. మొదటిసారి నేచురల్ హిస్టరీ మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. మూడు అంతస్తులు, బోలెడు హాళ్లు. ఒక్కరోజులో అన్నీ చూపించడం సాధ్యమేనా? స్ట్రోలర్ పనికొస్తుందా? అక్కడ చర్మంలో ఆకారం నింపి నిలబెట్టిన పులినీ ఎలుగుబంటినీ చూసి "ఇవి చచ్చిపోయాయా?" అనడిగితే ఏం చెప్పాలి?

జవాబు 1:
అన్నీ చూపించాలన్న ఆలోచన మానుకోండి. ఆ వయసుకి గంట, మహా అయితే గంటన్నర. మూడు హాళ్లు చాలు. తలుపులు తీసే వేళకి వెళ్లి, మిగతావి దాటేసి నేరుగా డైనోసార్ల దగ్గరికి నడవండి. జనం పెరిగాక అక్కడ పిల్లలకి పెద్దల నడుములు తప్ప ఏమీ కనబడవు.

కదులుతూ గర్జించే మోటారు డైనోసార్ ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే పాపని ఎత్తుకుని గుమ్మం బయటే నిలబడి, ఒకసారి గర్జన మొదలై ఆగేదాకా చూపించండి. అది ఆగుతుందని తెలిశాక చాలామంది పిల్లలు తామే లోపలికి వెళ్దామంటారు. వద్దంటే వదిలేయండి, బలవంతం చేస్తే మిగతా హాళ్లకి కూడా రాదు.

చీకటి సంగతి వేరు. వెలుతురు పడేకొద్దీ బొచ్చు, ఈకలు, సీతాకోకచిలుకల రెక్కల రంగు వెలిసిపోతుంది, మళ్లీ రాదు. అందుకే అలాంటి వాటి మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచుతారు. ఎండలోంచి వచ్చిన కళ్లకి అది చిమ్మచీకటిలా ఉంటుంది. గుమ్మం దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగితే కళ్లు సర్దుకుంటాయి, భయం సగం అక్కడే తగ్గుతుంది.

జవాబు 2:
"నిద్రపోతోంది" అని మాత్రం చెప్పకండి. రాత్రి పడుకోబెట్టేటప్పుడు ఆ మాటే తిరగబడుతుంది. "చనిపోయింది. చర్మం, బొచ్చు నిజమైనవే. లోపల మనుషులు చేసిన ఆకారం ఉంది. కళ్లు గాజువి" అంటే చాలు. పిల్లలు ఈ జవాబుని పెద్దలకంటే తేలిగ్గా తీసుకుంటారు. అడిగినంతకే చెప్పండి.

స్ట్రోలర్ తీసుకెళ్లండి, అలిసిపోయాక అదే దిక్కు. కొన్నిచోట్ల లోపలికి రానివ్వరు, సామాన్ల గదిలో పెట్టిస్తారు, కాబట్టి మడిచేది మేలు. కానీ అందులో కూర్చోబెట్టి చూపిస్తే పాప కళ్లు ఇంకా కిందికి పోయి గాజు మీద దీపాల మెరుపే కనిపిస్తుంది. ప్రతి పెట్టె ముందూ మీరొకసారి మోకాళ్ల మీద కూర్చుని చూడండి, పాపకి ఏం కనబడుతోందో, ఏం కనబడట్లేదో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. ఇంకొకటి: అస్థిపంజరం నిజమైనదా, బొమ్మా అని తప్పకుండా అడుగుతుంది. ఎలా చెప్పాలి?

జవాబు 3:
చాలావరకు అచ్చుపోసినవి, లేదా సగం అచ్చు, సగం అసలు. పక్కనున్న పలకలో రాసి ఉంటుంది. ఇనుప కడ్డీలను కూడా చూడండి. అసలు శిలాజానికి రంధ్రం చేయడానికి ఇష్టపడరు కాబట్టి ఎముకని బయటినుంచి పట్టుకున్న కొక్కేలు కనిపిస్తాయి. అచ్చుల్లో ఇనుము లోపలే దాగి ఉంటుంది. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో 'సూ' అనే టి. రెక్స్ డైనోసార్‌ అసలు పుర్రె దాదాపు 270 కిలోలు. ఆ బరువుని అస్థిపంజరం మీద నిలపలేక అచ్చు తల బిగించి, అసలుదాన్ని విడిగా గాజు పెట్టెలో ఉంచారు.

పేర్లూ కోట్ల సంవత్సరాలూ నాలుగేళ్లకి ఎక్కవు. లెక్కపెట్టించండి. టి. రెక్స్ చేతికి వేళ్లెన్ని? రెండే. జిరాఫీ అస్థిపంజరం ఉంటే మెడ ఎముకలు లెక్కపెట్టమనండి: ఏడు. మన మెడలోనూ ఏడే! నాకు అన్నిటికంటే ఇష్టమైంది తిమింగలం ముందు రెక్క. లోపల వేళ్ల ఎముకలు ఉంటాయి. పాప చెయ్యి చాపించి పక్కన పోల్చి చూపించండి, ఆ పోలిక పిల్లలకి ఇట్టే తగులుతుంది. కాగితం ఇస్తే పెన్సిలే ఇవ్వండి, పెన్ను చాలాచోట్ల ఒప్పుకోరు.

ఒక జాగ్రత్త కూడా: మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు), ఎగిరే సరీసృపమైన టెరోసార్ డైనోసార్లు కావు. అన్నిటినీ ఒకే పేరుతో పిలిస్తే తర్వాత మాన్పించడం కష్టం.

జవాబు 4:
తినేవి హాళ్లలో తీయకండి. రాలిన ముక్కలకి పురుగులు చేరతాయి. వాటిలో డెర్మెస్టిడ్ పెంకుపురుగుల పిల్లలు చర్మం, బొచ్చు, ఈకలు తినేస్తాయి. (ఇదే కుటుంబానికి చెందిన కొన్నిటిని ఎముకల మీది మాంసం శుభ్రం చేయడానికి మ్యూజియంవాళ్లే విడి గదిలో పెంచుతారు.) లోపలికి అడుగుపెట్టే ముందే తినిపించి, బాత్రూంకి తీసుకెళ్లండి. లోపల చల్లగా ఉంటుంది, పలుచని స్వెటర్ ఉంచుకోండి.

బయల్దేరేముందు పాపని ఆ రోజు బట్టల్లో ఫోటో తీయండి. మీ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. తప్పిపోతే బ్యాడ్జీ పెట్టుకున్న సిబ్బంది దగ్గరికి వెళ్లాలని చెప్పి, లోపలికెళ్లగానే ఆ బ్యాడ్జీ ఎలా ఉంటుందో చూపించండి. బొమ్మల దుకాణం చాలాచోట్ల బయటికొచ్చే దారిలోనే ఉంటుంది. ఏదైనా కొంటారో లేదో ఇంట్లోనే తేల్చి చెప్పండి.