మాట తక్కువ మనిషికి సొంత షాపు నప్పుతుందా?

రేణిగుంట మెయింటెనెన్స్:
ఎనిమిదేళ్లుగా ఒక ఫ్యాక్టరీలో ఏసీలు, చిల్లర్లు చూస్తున్నాను. తిరుపతిలో సొంతంగా ఏసీ సర్వీసు షాపు పెట్టాలని ఉంది. పని మీద భయం లేదు. కానీ నలుగురిలో కలిసే మనిషిని కాదు. "నీకు నోరు లేదు, వ్యాపారం నీ వల్ల కాదు" అని మామ అంటున్నాడు. నిజమేనా?

ఫ్లెక్సీ మానేసినవాడు:
మీ మామ చెప్పింది రైటు తమ్ముడూ. పుట్టుకతో వచ్చిన స్వభావం మారదు. నేను మూడేళ్లు ఫ్లెక్సీ షాపు నడిపి మళ్లీ ఉద్యోగంలో చేరాను. పని లేక కాదు. రాత్రంతా కూర్చుని ప్రింట్ కొట్టి ఇచ్చేవాడిని, డబ్బులు అడగడానికి మాత్రం నోరు వచ్చేది కాదు. "రేపు రాప్పా" అంటే సరేనని వచ్చేసేవాడిని. చివరికి ఇంట్లో బంగారం కుదువ పెట్టి మెషీన్ కంతులు కట్టాను.

బస్టాండ్ వైండింగ్ షాపు:
అన్నా, మీరు పడిన కష్టం నాకు తెలుసు. కానీ మిమ్మల్ని ముంచింది మాట రాకపోవడం కాదు, మొహమాటం. నేనూ మాట తక్కువ మనిషినే, ఇరవై ఏళ్లుగా మోటారు వైండింగ్ చేస్తున్నాను. కస్టమర్‌తో నాకుండేది నాలుగు మాటలు: ఏం పోయింది, ఎంతవుతుంది, ఎప్పుడిస్తాను, అడ్వాన్సు ఎంత. కాయిల్ కాలిందో బేరింగ్ పోయిందో విప్పి చూడకముందే గబగబా రేటు చెప్పి నష్టపోయిన మాటకారులను చాలామందిని చూశాను.

తమ్ముడూ, నువ్వు చూసుకోవాల్సింది వేరే ఉంది. డబ్బు రాని నెలలో నీకు నిద్ర పడుతుందా? 2020 మార్చి 20న కొండ మీద భక్తులకు దర్శనాలు ఆపేశారు, మళ్లీ మొదలైంది జూన్‌లోనే. లాడ్జీలన్నీ మూత. నా బతుకంతా లాడ్జీల నీళ్ల మోటార్ల మీదే. వారాల తరబడి ఒక్క మోటారు రాలేదు. అప్పుడు నన్ను కాపాడింది ధైర్యం కాదు, అంతకు ముందు ఏడాది చీటీ పాడి బ్యాంకులో వేసిన డబ్బు. బ్రహ్మోత్సవాల నెలలో వచ్చిందంతా ఆ నెలే ఖర్చు పెట్టే మనిషికి, ఎంత నోరున్నా ఈ పని వద్దనే చెబుతాను.

కాళహస్తి కలంకారీ:
నేను ఇంట్లోనే కలంకారీ వేస్తాను. కరక్కాయ, పాలలో గుడ్డ నానబెట్టడం దగ్గర్నుంచి అన్నీ ఒక్కదాన్నే. మాటతో నాకు పనే పడదు. కష్టమంతా టైముతోనే. ఎవరూ అడగకపోయినా పొద్దున్నే కలం పట్టుకుని కూర్చోగలగాలి. నాకు అది అలవాటు కావడానికి రెండేళ్లు పట్టింది.

ఫ్లెక్సీ మానేసినవాడు:
అక్కా, మీకు అలవాటైంది. నాకు మూడేళ్లయినా మొహమాటం పోలేదు. అందరికీ మీలాగే అవుతుందని ఈ అబ్బాయికి ఆశ పెట్టకండి. వాడికీ ఇల్లూ పిల్లలూ ఉంటారు.

బస్టాండ్ వైండింగ్ షాపు:
అది ఒప్పుకుంటాను. మొహమాటం నాకూ పూర్తిగా పోలేదు. అందుకే పని ఒప్పుకునే రోజే సగం తీసుకుంటాను, మిగతాది ఎప్పుడిస్తారో బిల్లు మీద రాయిస్తాను. తర్వాత అడగాల్సింది సగమే. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అదీ చేయించుకో తమ్ముడూ. చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం ఉంది.

ఫ్లెక్సీ మానేసినవాడు:
చట్టం చూపిస్తే ఆ లాడ్జీవాళ్లు మళ్లీ పని ఇస్తారా అన్నా?

బస్టాండ్ వైండింగ్ షాపు:
గొడవ పడ్డాక చూపిస్తే ఇవ్వరు. ముందే బిల్లు మీద గడువు రాసి ఉంటే గొడవ దాకా రాదు. నాకు ఎక్కువసార్లు అలాగే జరిగింది.
ఇంకోటి తమ్ముడూ, పీఎఫ్‌లో నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. నీకు ఎనిమిదే అయింది. తొందరపడి రాజీనామా ఇవ్వద్దు. వీక్లీ ఆఫ్ రోజుల్లో బయట పని చేసి చూసుకో.

రేణిగుంట మెయింటెనెన్స్:
అందరికీ థాంక్స్. ఒక విషయం ముందే చెప్పాల్సింది. ఎండాకాలంలో ఒక లాడ్జీలో ఆరు ఏసీలు సర్వీసు చేశాను. 3,600 రావాలి. రెండు నెలలైంది, ఆ దారిన పోతూ కూడా అడగలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఉద్యోగం ఇప్పుడే మానను. ఈ ఆదివారం బిల్లు రాసుకుని ఆ లాడ్జీకి వెళ్తాను. ఏమైందో రాత్రికి ఇక్కడే రాస్తాను.