తెలుగు వచ్చని నన్ను మేస్త్రీగా రమ్మంటున్నారు: మీ అనుభవాలు చెప్పండి

వంశధార గట్టు (కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా)
అందరికీ నమస్కారం. హైదరాబాదు శివార్లలో, కొల్లూరు వైపు అపార్టుమెంట్లు కడుతున్న ఒక కాంట్రాక్టరు నన్ను పదిహేను మందిని తీసుకురమ్మంటున్నాడు. మా చుట్టుపక్కల సవర ఊళ్లవారికి తెలుగు అంతగా రాదు. నాకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు. తలకు ఇంత అని నాకూ ఇస్తాడట. వాళ్లేమో "నువ్వు వస్తేనే వస్తాం" అంటున్నారు. ఆ మాటతోనే నాకు నిద్ర పట్టడం లేదు. రేపు కూలి డబ్బులు రాకపోతే వాళ్లు నిలదీసేది నన్నే కదా. ఇలా మనుషులను తీసుకెళ్లినవారు ఉంటే చెప్పండి.

గుణుపురం తాపీ
తమ్ముడూ, నార్సింగి, కోకాపేటల్లో చాలా ఏళ్లు పని చేశాను. నీ భయం న్యాయమైనదే. కట్టించే కంపెనీ కింద పెద్ద కాంట్రాక్టరు, అతని కింద సెంట్రింగుకు ఒకరు, ఇనుము పనికి ఒకరు, వారి కింద నువ్వు. వారం వారం ఖర్చులకు కొంత చేతిలో పెట్టి, మిగతా లెక్క ఊరికి వెళ్లేటప్పుడు చూద్దామంటారు. మోసమంతా ఆ "మిగతా"లోనే జరుగుతుంది. మా గుంపుకు రెండు స్లాబుల డబ్బు ఆపేసి మధ్యవాడు ఫోను నంబరు మార్చేశాడు. మమ్మల్ని తీసుకెళ్లినాయన మా ఊరి అల్లుడే. అతనికీ రూపాయి దక్కలేదు. అయినా ఊళ్లో మాటలు పడింది అతనే. చివరికి పొలం తాకట్టు పెట్టి సగం తీర్చాడు.

కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే కూలి ఇవ్వాలని అప్పట్లో అమలులో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది. కానీ ఎవరి కింద ఎన్ని రోజులు చేశామో చూపడానికి మా దగ్గర చిన్న కాగితం కూడా లేదు. హాజరు పుస్తకం మధ్యవాడి సంచిలోనే ఉండేది. నువ్వు వెళ్తే మాత్రం ప్రతి సాయంత్రం ఆ పేజీ ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపు.

సిరొంచ వాసి (గడ్చిరోలి)
మా వాళ్లు గోదావరి దాటి మిరపకాయ కోతకు వెళ్తారు. అక్కడ రైతు కళ్లెదుట ఉంటాడు, అతని ఇల్లు తెలుసు. నగరంలో యజమాని ఎవరో తెలియదు. పని ఆగితే అడ్డా మీద నిలబడాలి. పొద్దున పది దాటిందంటే ఆ రోజు పోయినట్లే. భాష రానివారికి బేరం ఇంకా తక్కువ.

పర్లాకిమిడి టీచరు
పదిహేను మందిలో ఆడవాళ్లు ఎందరు బాబూ? భార్యాభర్తలు కలిసి వెళ్తే ఇద్దరి కూలీ భర్త పేరనే రాసేస్తారు. ఆమె పేరు విడిగా రాయించు. రేకుల గదులు, ట్యాంకరు నీళ్లు, చీకటి ఉండగానే స్నానాలు: ఇవన్నీ ముందే అడుగు. ఇంట్లో సవర, బడిలో ఒడియా నేర్చుకుంటున్న పిల్లవాడు అక్కడి తెలుగు బడిలో ఏం చదువుతాడు? ఇసుక కుప్పల దగ్గరే ఉండిపోతాడు.

రేషన్ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదైతే కొంత బియ్యం అక్కడ, కొంత ఇక్కడ తీసుకోవచ్చు. సిమెంటుకు వేలిముద్రలు అరిగినవారికి యంత్రం దగ్గర తిప్పలు తప్పవు.

రాయగడ వకీలు
ఒడిశాలో దాదన్ కూలీల (మధ్యవర్తులు బయటి రాష్ట్రాలకు పనికి తీసుకెళ్లేవారి) చట్టం 1975లోనే వచ్చింది. 1979 నాటి కేంద్ర అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమైతే కూలీలను కుదిర్చే సర్దారును, ఖాతాదారును, ఏజెంటును కూడా కాంట్రాక్టరుగానే లెక్కించింది. అందుకే తలకు ఇంత అని డబ్బు తీసుకోవద్దు. నువ్వూ వాళ్లలాగే కూలి మీద వెళ్లు. ఇప్పుడు వాటి స్థానంలో అమలులో ఉన్న 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం రానుపోను ప్రయాణ ఖర్చు యజమానిదే. కట్టించే కంపెనీ పేరు, సైటు చిరునామా రాతపూర్వకంగా తీసుకో. వెళ్లేవారి జాబితా పంచాయతీలో ఇచ్చి వెళ్లు.

వంశధార గట్టు
ఇవన్నీ అతన్ని అడిగాను. "ఇన్ని లెక్కలు అడిగే మేస్త్రీ నాకు వద్దు, ఇంకొకరు దొరికారు" అన్నాడు. నేను మానుకున్నాను. కానీ ఆ ఇంకొకరితో మా పక్క ఊరివారు ఐదుగురు శుక్రవారం పలాసలో సికింద్రాబాదు రైలెక్కుతున్నారు. హాజరు పేజీ ఫోటో తీయడం, నాకు పంపడం వాళ్లకు నేర్పుతున్నాను. కొల్లూరు చుట్టుపక్కల మనవాళ్లెవరైనా ఉంటే దయచేసి ఇక్కడ రాయండి, వాళ్లను వెళ్లి ఒకసారి పలకరించాలి.