స్కాట్స్‌డేల్ (అరిజోనా) రిసార్ట్ గోల్ఫ్ కోర్సు: స్లోప్ చూసి బుక్ చెయ్యాలా, తేదీ చూసా?

బోగీబాబు: అక్టోబరు చివర్లో డల్లాస్ నుంచి నలుగురం వెళ్తున్నాం. హ్యాండిక్యాప్‌లు (ఆటగాడికిచ్చే అదనపు స్ట్రోకులు, ఆట బలహీనమైతే ఎక్కువ) 9 నుంచి 28 దాకా. అనుకున్న రిసార్ట్ కోర్సు స్లోప్ (మామూలు ఆటగాళ్లకి ఎంత కష్టమో చెప్పే అంకె) 138. మాకు ఎక్కువే, వేరేది చెప్పండి.

పుట్టింగ్‌పంతులు: 138 కోర్సుది కాదండీ, ఆ టీది, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటుది. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 ప్రమాణం. గుంతకి దగ్గరగా ఉండే ముందు టీకి 120 ఉండొచ్చు. స్కోర్‌కార్డులో అన్ని టీలూ చూడండి.

బోగీబాబు: చూశాను. 138 అంటే 138యే.

చాండ్లర్‌వాసి: స్లోప్ తర్వాత చూద్దురు గానీ, ఓవర్‌సీడింగ్ ఎప్పుడో అడిగారా? అక్కడ బెర్ముడా గడ్డిని నేలబారుగా కోసి, చలికాలంలో పచ్చగా ఉండే రై గడ్డి గింజలు చల్లి, రెండు మూడు వారాలు మూసేస్తారు. తెరిచాక కూడా కొన్నాళ్లు కార్ట్ పాత్ ఓన్లీ, అంటే బండి దారి దిగకూడదు. ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన గడ్డి) తడిగా ఉండి బంతి పడ్డచోటే ఆగిపోతుంది. గ్రీన్ల (గుంత చుట్టూ నున్నటి భాగం) గడ్డి ఎత్తుగా ఉంచుతారు కాబట్టి పుట్ సగంలోనే చచ్చిపోతుంది. ప్రో షాప్‌కి ఫోన్ చేసి అడగండి: తిరిగి ఏ తేదీన తెరుస్తారు, కార్ట్ ఫెయిర్‌వే మీదకి ఎప్పట్నుంచి దిగనిస్తారు, గ్రీన్లకి ఏరేషన్ (మట్టికి చిల్లులు పెట్టడం) ఎప్పుడు. డబ్బు కట్టే ముందు రద్దు గడువు కూడా.

గోల్ఫ్‌గోపి: వెబ్‌సైట్ ఫొటోలు మాత్రం నమ్మొద్దు. అన్నీ డ్రోన్‌వే.

పుట్టింగ్‌పంతులు: హ్యాండిక్యాప్ ఇండెక్స్ 20 అయితే, స్లోప్ లెక్కన దొరికే స్ట్రోకులు 20 × 138 ÷ 113, అంటే 24. స్లోప్ 120 అయితే 21. స్లోప్ వల్ల తేడా మూడు స్ట్రోకులే. ఎడారి కోర్సులో ప్రాణం తీసేది క్యారీ, అంటే బంతి గాల్లో దాటాల్సిన దూరం. టీ నుంచి గడ్డి మొదలయ్యే దాకా ఎన్ని గజాలో ఉపగ్రహ మ్యాపులో కొలవండి. 28 ఆయన ప్రతిసారీ 170 గజాలు గాల్లో దాటించగలరా?

బోగీబాబు: తిప్పి తిప్పి ముందు టీ నుంచి ఆడమనేగా మీరు చెప్పేది! ఏ ప్రశ్న అడిగినా ఇదే ఉపన్యాసం. పందెం కాసి ఆడేవాళ్లం, ఒకడు ముందు నుంచి, ఒకడు వెనక నుంచి కొడితే అదేం న్యాయం?

చాండ్లర్‌వాసి: ఓహో, ఇదా సంగతి! ఇంతసేపూ స్లోప్ అంటూ మమ్మల్ని తిప్పారు.

పుట్టింగ్‌పంతులు: 2020 నుంచి అమెరికాలో కోర్సు రేటింగ్‌కీ (మేటి ఆటగాడికి ఆ టీ నుంచి అయ్యే స్కోరు) పార్‌కీ (కోర్సుకి నిర్ణయించిన స్ట్రోకులు) ఉన్న తేడాని కోర్సు హ్యాండిక్యాప్‌లోనే కలిపేస్తున్నారు. పార్ ఒకటే అయితే వేర్వేరు టీల నుంచి ఆడినా మళ్లీ సర్దుబాటు అక్కర్లేదు.

బోగీబాబు: అదంతా కాగితం మీద. అందరం ఒకే టీ.

గోల్ఫ్‌గోపి: 28 ఆయన్ని అడిగారా అన్నా?

బోగీబాబు: సోమవారం ప్రో షాప్‌కి ఫోన్ చేసి తెరిచే తేదీ కనుక్కుంటా. టీ సంగతి మేం చూసుకుంటాం.