‘హాల్ఫ్ టీన్’ అంటే పదిన్నర కాదా?

మాధవి: నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ వచ్చి నాలుగు నెలలైంది. పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ అడిగితే ఫోన్లో డచ్‌లో ‘హాల్ఫ్ టీన్’ అన్నారు. హాల్ఫ్ అంటే సగం, టీన్ అంటే పది. ఇంగ్లండులో ఉన్నప్పుడు ‘హాఫ్ టెన్’ అంటే పదిన్నరే కదా అని ధీమాగా పదింబావుకే వెళ్లాను. మీ టైము తొమ్మిదిన్నరకే అయిపోయిందన్నారు! ఇదేం లెక్కండీ?

రాఘవ: ఇంగ్లీషు వచ్చినవాళ్లందరూ పడే గుంటే ఇది. ఇంగ్లండులో ‘హాఫ్ టెన్’ అన్నప్పుడు మధ్యన ఉండే ‘పాస్ట్’ను మింగేస్తారు. డచ్‌లో మింగడానికి ఏమీ లేదు. మనం నిండిన గంటకు అర కలుపుతాం, తొమ్మిదిన్నర. వాళ్లు నడుస్తున్న గంటను చూస్తారు. తొమ్మిది దాటిందంటే పదో గంట మొదలైనట్టే, అందులో సగం అయింది. తొమ్మిదేళ్లు నిండిన పిల్లాడికి ‘పదో ఏడు నడుస్తోంది’ అంటాం చూడండి, అలా.

అసలు తమాషా ఆ సగం చుట్టూ ఉంది. 9:25 అంటే ‘ఫెయిఫ్ ఫోర్ హాల్ఫ్ టీన్’, పది సగానికి అయిదు తక్కువ. 9:35కి ‘ఫోర్’ (ముందు) తీసి ‘ఓవర్’ (దాటి) పెడతారు. 9:20 అయితే ‘టీన్ ఫోర్ హాల్ఫ్ టీన్’, ఒకే మాటలో రెండు పదులు! నాకు ఇప్పటికీ ఒక్క క్షణం పడుతుంది. ‘క్వార్ట్ ఫోర్ టీన్’ మాత్రం హాయి, మన పావు తక్కువ పదే.

ఒకటిన్నరను ‘అండర్‌హాల్ఫ్’ అంటారు. ‘అండర్’ అంటే ఇప్పుడు ‘ఇంకో’ గానీ, పాత అర్థం ‘రెండో’. అంటే రెండోది సగమే. పాత డచ్‌లో రెండున్నరకు ‘డెర్డహాల్ఫ్’, మూడోది సగం, అనే మాట కూడా ఉండేది. డేనిష్‌లో యాభైకి చెప్పే మాట ఇప్పటికీ ఈ లెక్కే: మూడోది సగమైన ఇరవైలు, అంటే రెండున్నర ఇరవైలు.

ఫణి: పోలిక బాగుంది గానీ, పదో గంట అనాలంటే ‘టీండ’ అనాలిగా. వాళ్లు ఉత్త ‘టీన్’ అంటారు.

రాఘవ: నిజమే. ‘రెండో’ అన్నది అండర్‌హాల్ఫ్‌లో ఉంది, గంటల్లో లేదు. నా పోలిక గుర్తుపెట్టుకోడానికే, వ్యాకరణానికి కాదు.

మాధవి: మరి ‘నేగెన్ యూర్ డెర్టిగ్’ అని అడిగితే నవ్వుతారా?

రాఘవ: ఎందుకు నవ్వుతారు? స్టేషన్లో రైళ్ల టైములు చెప్పేది అలాగే. తొమ్మిది గంటల ముప్పై. ఫోన్లో ఎవరైనా ‘హాల్ఫ్ టీన్’ అనగానే ‘నేగెన్ యూర్ డెర్టిగ్?’ అని తిరిగి అడగండి.